చూపు తగ్గిన అమ్మకు ఫోన్‌లో బైబిలు వినిపించాలంటే ఏ యాప్ మంచిది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. అమ్మగారికి 74 ఏళ్ళు. షుగర్ వల్ల చూపు తగ్గి, పెద్దక్షరాల బైబిలు కూడా చదవలేకపోతున్నారు. ఒంగోలు దగ్గర పల్లెలో ఒక్కరే ఉంటారు, మీరేమో హైదరాబాద్‌లో. మీ పాత టచ్ ఫోన్ ఆవిడకు ఇచ్చారు. ఇంట్లో సిగ్నల్ అంతంతమాత్రం. ఏ యాప్ వేయాలి, నెట్ లేకపోయినా పలుకుతుందా, ఆవిడ ఎవరి సాయం లేకుండా వాడుకోగలరా అని అడిగారు.

బాపట్లలో సెల్ షాపు పెట్టి నాకు పద్దెనిమిదేళ్ళయిందండి. ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘంలో పెద్దవాళ్ళ ఫోన్లన్నీ నా చేతికే వస్తాయి. పిల్లలు ఊరొచ్చినప్పుడు బైబిల్ యాప్ వేసి వెళ్తారు. నెల తిరక్కుండానే "ఇది పలకట్లేదయ్యా" అంటూ ఫోన్ నా దగ్గరికి వస్తుంది. తీసి చూస్తే యాప్ బాగానే ఉంటుంది. పెద్దావిడ దాన్ని వదిలేయడానికి కారణం ఇంకేదో ఉంటుంది. అందుకే యాప్ పేరొకటి చెప్పి ఊరుకోకుండా కాస్త విడమరచి చెప్తాను.

ముందు తేల్చుకోవాల్సింది యాప్ కాదు, తర్జుమా. అమ్మగారి వయసువాళ్ళు చిన్నప్పటి నుంచీ విన్నదీ, సండేస్కూల్లో కంఠత పెట్టిందీ బైబిల్ సొసైటీవారు అచ్చువేసే పాత తర్జుమా. నల్ల అట్ట మీద 'పరిశుద్ధ గ్రంథము' అని ఉంటుందే, అది. యాప్‌లలో దీన్ని ఓవీ (ఓల్డ్ వెర్షన్) అనో బీఎస్ఐ (బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా) అనో రాస్తారు. ఇది కాక 2019లో వచ్చిన ఐఆర్‌వీ (ఇండియన్ రివైజ్డ్ వెర్షన్) అనే తర్జుమా ఉంది, వాడుక భాషకు దగ్గరగా ఉండే 'పవిత్ర బైబిల్' ఉంది. కుర్రవాళ్ళకు ఇవి హాయిగా అర్థమవుతాయి. పెద్దవాళ్ళ సంగతి వేరు. వాళ్ళు వింటూ ఉంటే పెదవులు కూడా కదులుతుంటాయి, గమనించారా? తర్వాతి మాట ఏమిటో వాళ్ళకు ముందే తెలుసు. అక్కడ వేరే మాట వినబడిందంటే "ఇది మన బైబిలు కాదు" అని పక్కన పెట్టేస్తారు. ఎంత చెప్పినా మళ్ళీ ముట్టుకోరు.

పరీక్ష చాలా తేలిక. 23వ కీర్తన పెట్టండి. "యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు" దగ్గర అమ్మగారు గొంతు కలిపారంటే సరైన తర్జుమా దొరికినట్టే. కలపకుండా నొసలు ముడిచారంటే మార్చండి. మీరు ఆర్‌సీఎం వాళ్ళయితే ఇంకొకటి చూసుకోవాలి. యాప్‌లలో ఎక్కువగా ఉండేది 66 పుస్తకాల బైబిలు. కతోలిక బైబిల్లో 73 ఉంటాయి. తోబితు, యూదితు, మక్కబీయుల గ్రంథాలు కావాలని ఆవిడ అడిగితే ఈ యాప్‌లలో దొరక్కపోవచ్చు, విచారణ గురువుగారిని అడిగి ఆడియో సంపాదించాలి.

రెండోది గొంతు. తెలుగు ఆడియో బైబిళ్ళు మూడు రకాలుగా దొరుకుతాయి. ఒకరే కూర్చుని చదివినవి, నాటకంలా తీసినవి, మనిషి కాకుండా మిషన్ చదివేవి. నాటకం రకంలో పేతురుకొక గొంతు, పిలాతుకొక గొంతు, వెనక సంగీతం, తుఫాను వస్తే గాలి హోరు, అన్నీ ఉంటాయి. వినగానే ఎవరికైనా అదే నచ్చుతుంది. మీకూ అదే నచ్చుతుంది, అమ్మకు అదే పెడతారు. పెట్టకండి. వయసుతో వినికిడి తగ్గేటప్పుడు ముందు పోయేవి సన్నని శబ్దాలు. స, శ, త, క లాంటి హల్లులు మసకబారతాయి. వాటి మీద వీణో వయొలినో మోగితే మాట మొత్తం అందులో కలిసిపోతుంది. "పాట వస్తోంది, మాట రావట్లేదు" అని మా మేనత్త అన్నదాకా నాకూ ఇది తట్టలేదు. ఒకే మనిషి తాపీగా, వెనక ఏ చప్పుడూ లేకుండా చదివిన రికార్డింగు పెద్దవాళ్ళకు మేలు. యాప్‌లో దీన్ని నాన్ డ్రామా అంటారు.

ఇక మిషన్ గొంతు. ప్లే స్టోర్‌లో తెలుగు ఆడియో బైబిల్ అని కొడితే వచ్చే చిన్న చిన్న యాప్‌లు కొన్నింట్లో రికార్డింగే ఉండదు. తెర మీది అక్షరాలను ఫోనే చదివేస్తుంది. అత్యవసరానికి పనికొస్తుంది కానీ వచనాల అంకెలు కూడా మధ్యలో చదివేయడం, పేర్ల దగ్గర తడబడడం, ప్రశ్నను కూడా మామూలు వాక్యంలా పలకడం విసుగు పుట్టిస్తాయి. యోబు గ్రంథం అలా విని చూడండి, యోబుకన్నా మనకే ఎక్కువ ఓర్పు కావాలి.

ఇప్పుడు యాప్‌లు. నేను ఎక్కువగా వేసేవి రెండు.

ఒకటి యూవెర్షన్. అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రానికి చెందిన లైఫ్ చర్చ్ వాళ్ళు 2008లో తెచ్చారు. డబ్బు కట్టక్కర్లేదు, ప్రకటనలు రావు. తర్జుమాల జాబితాలో స్పీకరు బొమ్మ ఉన్నవాటికే ఆడియో ఉంటుంది, అది చూసి ఎంచుకోండి. వేగం తగ్గించుకోవచ్చు, ఇంతసేపటికి ఆగిపోవాలని టైమర్ పెట్టుకోవచ్చు. నేను వాడినంతలో దీనికున్న చిక్కు ఒక్కటే. అక్షరాలను డౌన్‌లోడ్ చేసుకుని నెట్ లేకుండా చదువుకోవచ్చు గానీ ఆడియోకు మాత్రం నెట్ ఉండాల్సిందే. మీ అమ్మగారి ఊళ్ళో సిగ్నల్ సంగతి మీరే చెప్పారు కాబట్టి ఇది ఆవిడకు కుదరదు. మీరు హైదరాబాద్ మెట్రోలో వినడానికి బాగుంటుంది.

రెండోది బైబిల్ డాట్ ఈజ్. ఫెయిత్ కమ్స్ బై హియరింగ్ అనే సంస్థది. న్యూ మెక్సికోలోని ఆల్బకర్కీలో 1972లో మొదలైంది. వాళ్ళ పని మొదటి నుంచీ వినిపించడమే. "వినుట వలన విశ్వాసము కలుగును" అని రోమా పత్రిక 10వ అధ్యాయంలో ఉంది కదా, సంస్థ పేరు అక్కడి నుంచి తీసుకున్నదే. కరెంటు లేని ఊళ్ళ కోసం ఎండతో ఛార్జయ్యే ఆడియో పెట్టెలు కూడా తయారు చేశారు. ఈ యాప్‌లో ఆడియో డౌన్‌లోడ్ చేసుకునే వీలుంది. మీరు హైదరాబాద్‌లో వైఫై ఉన్నచోట దింపేసి ఫోన్ పట్టుకెళ్తే చాలు. దింపేముందు తర్జుమా పేరూ, నాన్ డ్రామానా కాదా అన్నదీ రెండుసార్లు చూసుకోండి. దింపాక ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ఒక అధ్యాయం ఆడించి చూడండి. ఈ ఒక్క పని చేయకే చాలామంది ఊరెళ్ళాక నాలుక కరుచుకుంటారు.

ఫోన్‌లో ఖాళీ ఎంత కావాలంటారా? మొత్తం 1189 అధ్యాయాలు. మామూలుగా చదివితే డెబ్బై గంటలు దాటుతుంది. 64 కేబీపీఎస్ నాణ్యతలో గంటకు 29 ఎంబీ చొప్పున వేసుకోండి, రెండు జీబీ పైమాటే. పాత ఫోన్‌లో అంత చోటు లేకపోతే కొత్త నిబంధన, కీర్తనలు, సామెతలు దింపండి. పెద్దవాళ్ళు తొంభై పాళ్ళు వినేది అవే.

ప్రకటనలు వచ్చే యాప్‌ల జోలికి మాత్రం పోవద్దు. ఇది నేను గట్టిగా చెప్పే మాట. ఉచితమే కదా అని మా సంఘంలో ఒకావిడకు వాళ్ళబ్బాయి అలాంటిదొకటి వేసి ఇచ్చాడు. అధ్యాయానికీ అధ్యాయానికీ మధ్య తెర నిండా ప్రకటన. దాన్ని మూసే గుర్తు ఎక్కడో మూల ఆవగింజంత ఉంటుంది. చూపు సరిగా ఆననివాళ్ళు దాన్ని నొక్కబోయి ఇంకేదో నొక్కుతారు. ఆ ఫోన్ నా దగ్గరికొచ్చేసరికి అందులో రెండు లోన్ యాప్‌లు, ఒక రమ్మీ యాప్ ఉన్నాయి. వాటిలో డబ్బేమీ పోలేదు గానీ ఆవిడకు మాత్రం ఫోనంటేనే భయం పట్టుకుంది. యూట్యూబ్‌లో కూడా ఇదే గొడవ. పైగా గొంతుతో వెతకడానికి "కీర్తనలు" అంటే పాటలు వచ్చి కూర్చుంటాయి. "దావీదు కీర్తనలు" అని చెప్పినా సగంసార్లు ప్రసంగాలే వస్తాయి.

ఇక మీ మూడో ప్రశ్న, ఆవిడ సొంతంగా వాడుకోగలరా అని. ఇక్కడే ఎక్కువమంది ఆగిపోతారు. ఫోన్‌లో కొన్ని మార్పులు చేసి ఇవ్వాలి.

తెర తాళం తీసేయండి, ప్యాటర్నూ వద్దు, నంబరూ వద్దు. మొదటి పేజీలో ఫోన్ బొమ్మ, బైబిల్ బొమ్మ తప్ప ఇంకేమీ ఉంచకండి. తర్వాత బ్యాటరీ సంగతి. తెర ఆరిపోయిన అయిదు నిమిషాలకు ఆడియో కూడా ఆగిపోతోందని వచ్చే ఫిర్యాదుల్లో యాప్ తప్పుండదు, ఛార్జింగ్ మిగల్చడానికి ఫోనే దాన్ని నొక్కేస్తుంది. సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేరు తెరిచి, బ్యాటరీలోకి వెళ్ళి, అన్‌రిస్ట్రిక్టెడ్ అని పెట్టండి. కొన్ని కంపెనీల ఫోన్లలో ఆటోస్టార్ట్ అని విడిగా ఇంకొకటి ఉంటుంది, దాన్నీ ఆన్ చేయండి. ప్లే స్టోర్‌లో ఆ యాప్‌కు ఆటో అప్‌డేట్ తీసేయండి. ఒక ఉదయం లేచేసరికి బటన్లు చోటు మారిపోతే మనకు అరనిమిషం తికమక, వాళ్ళకు అక్కడితో సరి.

సౌండు విషయంలో ఒక చిన్న మతలబు ఉంది. ఫోన్‌లో రింగు సౌండు వేరు, ఆడియో సౌండు వేరు. కొన్ని ఫోన్లలో ఏమీ పలకనప్పుడు పక్క బటన్ నొక్కితే రింగే పెరుగుతుంది. "ఫుల్లుగా పెట్టాను, వినబడట్లేదు" అంటే అర్థం అదే. ఆడియో నడుస్తుండగానే బటన్ నొక్కాలని చెప్పండి. ఒక చెవి సరిగా వినబడనివాళ్ళయి, ఇయర్‌ఫోన్ వాడితే, యాక్సెసిబిలిటీలో మోనో ఆడియో ఆన్ చేయండి. లేకపోతే ఒక పక్క వచ్చేది రెండో చెవికి చేరదు.

వేగం 0.75 దగ్గర మొదలుపెట్టండి. మరీ సాగినట్టుంటే 0.9కి పెంచవచ్చు. రాత్రి పడుకునే ముందు వినే అలవాటుంటే టైమర్ పెట్టడం తప్పనిసరి. ఆవిడ కీర్తనల్లో నిద్రపోతారు, ఫోన్ ప్రసంగి దాటి యెషయాలోకి వెళ్ళిపోతుంది. పొద్దున్నే ఎక్కడ ఆగారో తెలియదు. నడుస్తుండగా ఎవరైనా ఫోన్ చేస్తే కాల్ అయ్యాక ఆడియో దానంతటది మళ్ళీ మొదలు కాకపోవచ్చు. ఇది ముందే చెప్పి ఉంచండి, పాడైందనుకుంటారు.

ఇంత చేసినా కొందరికి టచ్ ఫోన్ పడదు. వేళ్ళు పొడిబారితే తెర సరిగా అందుకోదు, షుగర్ ఉన్నవాళ్ళకు వేలి స్పర్శ కూడా తగ్గుతుంది. అలాంటప్పుడు పంతానికి పోకుండా మెమరీ కార్డు పెట్టే చిన్న స్పీకరు కొనండి. నిజంగా నొక్కే బటన్లుంటాయి, చేత్తో తడిమి నొక్కవచ్చు. కార్డు 32 జీబీ లోపుదే తీసుకోండి. 64 జీబీ కార్డులు వేరే ఫార్మాట్‌లో వస్తాయి, చవక స్పీకర్లు వాటిని గుర్తుపట్టవు. కొనేటప్పుడు షాపులోనే ఒక పాట సగంలో ఆపి, స్విచ్ కట్టి, మళ్ళీ వేసి చూడండి. ఆగినచోటు నుంచి ఎత్తుకునేదే కొనండి. కొన్ని ప్రతిసారీ మొదటి ఫైలుకే పోతాయి. అది కొంటే అమ్మగారు జీవితాంతం ఆదికాండము ఒకటో అధ్యాయమే వింటారు.

ఫైళ్ళు ఎక్కించేటప్పుడు పేర్లు జాగ్రత్త. ఈ పాఠం నేను మా మేనత్త దగ్గర నేర్చుకున్నాను. మొదటిసారి ఆవిడకు కార్డు లోడ్ చేసిచ్చినప్పుడు ఫైళ్ళకు 1, 2, 3 అని పేర్లు పెట్టాను. స్పీకరుకు లెక్కలు రావు, అక్షరాల వరసే తెలుసు. 1 తర్వాత 10, 11, 12 అంటూ 19 దాకా పోయి, అప్పుడు 2కి వచ్చింది. వారం తర్వాత అత్తయ్య ఫోన్ చేసి, "ఏరా, సొదొమ తగలబడ్డాక హవ్వ పుట్టిందేంట్రా?" అంది. ఆదికాండములో 19 సొదొమ, 2 ఏదెను తోట. వారం రోజులు అలాగే విని, తప్పు తన చెవులదో నా పనిదో తేల్చుకున్నాకే ఫోన్ చేసిందట. కాబట్టి అధ్యాయాలకు 001, 002 అని మూడంకెలు వాడండి, కీర్తనలు 150 ఉన్నాయి. పుస్తకాల ఫోల్డర్లకు ముందు 01 నుంచి 66 వరకు నంబరు వేయండి. ఉత్త తెలుగు పేర్లు పెడితే అపొస్తలుల కార్యములు ఆదికాండము కంటే ముందు వచ్చి కూర్చుంటుంది.

ఏ ఫైళ్ళు ఎక్కించాలన్నది కూడా చెప్పాలి. సెల్ షాపుల్లో కార్డుకింత అని తీసుకుని లోడ్ చేసిస్తారు, నేనూ ఒకప్పుడు చేశాను. ఆ రికార్డింగులకు హక్కుదారులు ఉంటారని నాకు ఆలస్యంగా తెలిసింది. ఎవరి రికార్డింగో వాళ్ళే దింపుకోనిచ్చినవి వాడండి, లేదా క్రైస్తవ పుస్తకాల షాపుల్లో ఆడియో బైబిల్ కార్డులూ పెన్‌డ్రైవ్‌లూ అమ్ముతారు, అవి కొనండి. వాట్సాప్‌లో తిరిగేవాటిలో అధ్యాయాలు సగంలో తెగిపోయి ఉంటాయి.

ఎక్కడ మొదలుపెట్టాలని మీరు అడగలేదు గానీ చెప్తాను. ఆదికాండము నుంచి వరసగా పెట్టకండి. నిర్గమకాండము సగం దాకా కథ నడుస్తుంది. తర్వాత గుడారం కొలతలు, లేవీయకాండములో బలుల నియమాలు వస్తాయి. కళ్ళతో చదివేటప్పుడు వాటిని గబగబా దాటుకుపోవచ్చు, చెవికి ఆ వీలు లేదు. 1 దినవృత్తాంతములు మొదటి తొమ్మిది అధ్యాయాలు పేర్ల జాబితా అనుకోండి, అవి విని నిద్రపోనివాళ్ళను నేనింకా చూడలేదు. మార్కు సువార్తతో మొదలుపెట్టండి. 16 అధ్యాయాలే, మొత్తం రెండు గంటలు అటూ ఇటూ. ఆ తర్వాత ఉదయం అయిదు కీర్తనలు వింటే నెలకు 150 పూర్తి. సామెతలు 31 అధ్యాయాలు, ఏ తేదీకి ఆ అధ్యాయం, గుర్తుపెట్టుకునే పనే లేదు. కొత్త నిబంధన 260 అధ్యాయాలు, శని, ఆదివారాలు వదిలేసి రోజుకొకటి చొప్పున సరిగ్గా 52 వారాలు. 119వ కీర్తన ఒక్కటే 176 వచనాలు, అయిదు కీర్తనల లెక్కలో ఆ రోజు అదొక్కటే చాలని చెప్పండి.

ఇంకొక మాట. వినడమంటే చదవలేనివాళ్ళకు మనం చేసే సర్దుబాటని కొందరు పిల్లలు చిన్నచూపుగా మాట్లాడుతుంటారు. మన పల్లెల్లో బైబిలు మొదట చేరిందే చెవుల ద్వారా. మిషనరీల కాలంలో బైబిల్ స్త్రీలని ఉండేవాళ్ళు, చదువు వచ్చినవాళ్ళు. ఇంటింటికీ తిరిగి, అక్షరం రాని ఆడవాళ్ళ దగ్గర కూర్చుని చదివి వినిపించేవాళ్ళు, కంఠత పెట్టించేవాళ్ళు. మా నాయనమ్మకు అక్షరం ముక్క రాదు, మత్తయి అయిదు నుంచి ఏడు అధ్యాయాలు అప్పజెప్పేది. అమ్మగారు ఫోన్‌కు మొహమాటపడితే ఈ సంగతి చెప్పండి.

మీరు ఊరెళ్ళినప్పుడు కనీసం రెండు రోజులుండి నేర్పండి. మొదటి రోజు మీరు చేసి చూపించండి, రెండో రోజు మీ చేతులు కట్టుకుని ఆవిడ చేత చేయించండి. ఆన్ చేయడం, ఆపడం, సౌండు, ఈ మూడు చాలు. అధ్యాయం మార్చడం తర్వాత ఎప్పుడో నేర్చుకుంటారు.

స్పీకరే కొనేటట్టయితే ఆన్ బటన్ తడిమి గుర్తుపట్టడానికి దాని మీద ఏదైనా అంటించండి. మా అత్తయ్యకు అందుబాటులో ఉందని బొట్టుబిళ్ళ అంటించబోతే "బైబిలు పెట్టెకు బొట్టేంట్రా" అని కోప్పడింది. ఎం-సీల్ శనగగింజంత ముద్ద చేసి పెట్టాను. నాలుగేళ్ళయింది, ఊడలేదు.